చౌకు వాటం

వర్క్‌షాపు లోపల వాన కురిసింది. నడుమెత్తు బల్ల మీద కట్టిన నమూనా నగరానికి పైన సన్నటి గొట్టాలు బిగించారు. వాటి చిల్లుల్లోంచి మెట్ల గుడుల మీద, ఆకు కప్పుల ఇళ్ళ మీద, వాటి మధ్య ఖాళీగా ఉన్న పెద్ద చౌకు మీద తుంపర పడింది. పిల్లల సైన్సు కేంద్రం తరఫున చూడవచ్చిన నజియా ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టింది. చౌకు మీద పడిన నీళ్ళు ఒక పక్కకు జారి, అంచున ఉన్న సందులోంచి తొట్టిలోకి దిగాలి. పిల్లలు చక్రం తిప్పి వాన కురిపించి, పాతకాలపు మాయా జనం వాననీటిని ఎలా దాచుకున్నారో కళ్ళారా చూడాలి.

నీళ్ళు దిగలేదు. చౌకు మీదే నిలిచాయి. అద్దంలా నిలిచి, అందులో గుడి నీడ కూడా కనబడింది. తర్వాత అవతలి అంచు తడిసి, నీళ్ళు ఇళ్ళ వైపు పొంగాయి. చిన్న ఇళ్ళు చేసే జహాంగీర్ ఈత నారతో ఓపిగ్గా అల్లిన కప్పులు నాని ఒరిగిపోయాయి. బల్ల కింద మోటారు ఒకసారి గుర్రుమని ఆగింది.

నజియా ఫోను దించేసింది. చౌకు మీద పడిన వాన ఎటూ పోకపోతే పిల్లలకు నేనేం చూపించాలి అని అడిగింది. మేనేజరు విన్సెంట్ మొహం ఎర్రబడింది. పక్కనున్న జడ్సన్ వైపు తిరిగాడు.

"ఈ గచ్చు ఎవరు చేశారు?"

"జియావుద్దీన్," అన్నాడు జడ్సన్.

అది అబద్ధం కాదు. గచ్చు చేసింది జియావుద్దీనే. కానీ ఆ పేరు నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో జడ్సన్‌కు వెంటనే తెలిసింది. ఎవరో చెయ్యెత్తితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నంత తొందరగా వచ్చింది.

జడ్సన్‌ది కోనసీమ. వాళ్ళ నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. తలుపు ఎంత ఎత్తాలో, ఏ తూముకు ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసుకునే ఉద్యోగం. ఆ ఇంట్లో నీళ్ళ మాట లేని రోజు ఉండేది కాదు. చేలో మడి కట్టినా, పెరట్లో గచ్చు వేసినా, స్నానాల గదిలో బండలు పరిచినా ముందు అడిగేది ఒకటే, వాటం ఎటు అని. నీళ్ళు పోయేందుకు నేలకు ఇచ్చే వాలే వాటం. జడ్సన్ కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, రాజమండ్రిలో ఒక బిల్డరు దగ్గర అట్టముక్కలతో ఇళ్ళ నమూనాలు చేస్తుండగా, చర్చి సంఘంలో పరిచయమైన విన్సెంట్ దోహా రమ్మన్నాడు. వచ్చాక మళ్ళీ వెనక్కి చూడలేదు. స్టేడియాలు, టవర్లు, ఇంకా కట్టని వీధులు, అన్నీ బల్ల మీద కట్టి ఇచ్చే కంపెనీ అది. పిల్ల తెమ్మెరకు ఊగే ఖర్జూరపు చెట్లు కూడా వాళ్ళ దగ్గర అంగుళం ఎత్తులో ఉండేవి. జడ్సన్ సూపర్‌వైజరయ్యాడు. అల్ మన్సూరాలో ఫ్లాటు తీసుకుని, భార్య సుసన్ననూ కూతురు పెర్సిస్‌నూ తెచ్చుకున్నాడు. సుసన్న దగ్గర్లో ఒక క్లినిక్కులో రిసెప్షన్‌లో కూర్చుంటుంది.

మాయా నగరం పని వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంబరపడ్డది అతనే. కన్సల్టెంటు పంపినవన్నీ ఇంటికి తీసుకెళ్ళి చదివాడు. అమెరికా ఖండం నడుమ, అడవిలో, నది లేని చోట వేలమంది బతికిన ఊరు. నేలంతా సున్నపురాయి. ఎంత వాన పడ్డా తాగేసి ఊరుకుంటుంది. ఏడాదిలో సగం వానలు, సగం ఎండలు. వాళ్ళు గుళ్ళకు రాయి తవ్విన గోతులనే చెరువులు చేశారు. చౌకులన్నిటికీ సున్నంతో గచ్చు వేసి, కంటికి ఆనని వాలిచ్చి, పడిన ప్రతి చుక్కా చెరువులోకే పోయేట్టు చూశారు. ఎత్తుగా పోసిన బాటలే కట్టలుగా పనికొచ్చాయి. చెరువులోకి దిగే నీటిని వడగట్టడానికి ఎక్కణ్ణుంచో ప్రత్యేకమైన ఇసుక తెచ్చి పోశారు.

భోజనాల దగ్గర జడ్సన్ ఇదంతా చెప్పుకొచ్చేవాడు. వర్క్‌షాపులో తెలుగువాళ్ళు ముగ్గురే. జడ్సన్, గచ్చు పనీ పూత పనీ చేసే జియావుద్దీన్, చిన్నచిన్న ఇళ్ళూ చెట్లూ చేసే జహాంగీర్. మిగతా ఇద్దరిదీ కామారెడ్డి వైపు. బర్వా అల్ బరాహా కార్మికుల వసతిలో ఒకే గదిలో ఉంటారు. వయసులో జియావుద్దీనే పెద్దవాడు, అయినా సూపర్‌వైజరని జడ్సన్‌ను అన్నా అంటాడు. జడ్సన్ అతన్ని జియాభాయ్ అంటాడు.

నది లేకుండ ఊరు కట్టిండ్రంటె వాళ్ళు మా దిక్కోళ్ళే అయ్యుంటరు అని జియావుద్దీన్ అంటే, గుడి పక్కన బోరు బండి కూడ ఒకటి చేసి పెట్టాల్నా భాయ్ అని జహాంగీర్ అడిగేవాడు. గల్ఫంతటినీ దుబాయే అనే వాళ్ళమ్మ ఫోను చేసి దుబాయ్‌ల ఏం పని చేస్తున్నవ్ బిడ్డా అంటే, మాయానగరం కడుతున్ననమ్మా అని చెప్పాడట. ఆమె హడలిపోయి, తాయెత్తు పంపిస్త కట్టుకో అందట. అప్పటినుంచి అందరికీ అది మాయానగరమే.

ఆ నగరానికి చౌకు వేసేవరకూ అంతా బాగానే జరిగింది.

నీళ్ళు పొంగిన సోమవారం సాయంత్రం, అందరూ వెళ్ళాక, జడ్సన్ జియావుద్దీన్‌ను పక్కకు పిలిచాడు. జియావుద్దీన్ స్పిరిట్ లెవెల్ తెచ్చి చౌకు మీద అటూ ఇటూ పెట్టి చూపించాడు. ఎక్కడ పెట్టినా గాలిబుడగ సరిగ్గా నడుమనే నిలిచింది. అంత సమంగా గచ్చు చేసినవాణ్ణి జడ్సన్ ఇంతవరకూ చూడలేదు. మరి వాటం ఏది అని అడిగాడు.

"వాటం జూస్కొనే చేసిన గదన్నా," అన్నాడు జియావుద్దీన్. "మీరే అంటిరి, చౌకు వాటం జూసి పూసెయ్యమని. బేస్తారం నాడు లోపలంత కటింగు మిషన్ దుమ్ము. శుక్రారం ఛుట్టీ, ఎవ్వలుండరు, నాకు వాటంగుంటదని పొద్దుగాల్నే వచ్చి చేసిన."

జడ్సన్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. అతనన్న బేస్తారం, అంటే గురువారం, మధ్యాహ్నం పెర్సిస్ స్కూలు ఫంక్షనుకు వెళ్ళే తొందరలో, గుమ్మం దగ్గర నిలబడి, తాళాలు జేబులో వేసుకుంటూ ఆ మాట అన్నాడు తను. చౌకు వాటం చూసి పూసెయ్ జియాభాయ్. పూరా సాఫ్ చెయ్యాల్నా అన్నా అని అతను అడిగితే, నున్నగా అనుకుని, ఆఁ, సాఫ్‌గా అన్నాడు కూడా. తన నోట్లో వాటమంటే వాలు. అతని చెవిలో వాటమంటే వీలు. ఏ డ్రాయింగులో బాణం గుర్తు పెట్టి వాలు ఎటో చూపించారో అది తన బల్ల మీదే ఉండిపోయింది. శనివారం వచ్చి, తెల్లగా ఆరిన చౌకు మీద చెయ్యి నిమిరి, అబ్బ, ఎంత నున్నగా ఉంది అనుకున్నాడే తప్ప కొలిచి చూడలేదు.

"మీకు నీళ్ళు పోయేటందుకు గావాల్నంటె ఢాల్ అనుండ్రి అన్నా. ఢాల్ అంటె నాకు తెల్వదా," అన్నాడు జియావుద్దీన్. నిష్ఠూరం కాదు. ఇద్దరూ కలిసి నవ్వుకోవలసిన సంగతి అన్నట్టే చెప్పాడు. అంతలోనే తలూపి, "అడగాల్సిందుండె. నాదే తప్పు," అన్నాడు.

కాదు, నాది అనాలి అక్కడ. జడ్సన్ స్పిరిట్ లెవెల్ తీసి తుడిచి పెట్టెలో పెట్టాడు. సరే, మళ్ళీ చేద్దాం అన్నాడు.

మర్నాడు విన్సెంట్ కబురు చెప్పాడు. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌లో ఒక కాంట్రాక్టరు ప్రహరీ గోడల పూతకు మనిషిని అడుగుతున్నాడు, జియాను ఆదివారం నుంచి అక్కడికి పంపుతున్నా అన్నాడు. ఈలోగా గచ్చు సరిచేసి పొమ్మను. మనిషిని మార్చామని నజియా మేడమ్‌కు చెప్పాను, ఆవిడకూ మనసు కుదుటపడుతుంది అని కూడా అన్నాడు.

అది మే నెల. మధ్యాహ్నం పూట బయటి పనిని ప్రభుత్వం ఆపించే రోజులు ఇంకా మొదలు కాలేదు. ఎండ మాత్రం ఎప్పుడో మొదలైంది. కిందటేడు ఇదే నెలలో జియావుద్దీన్ ఒక సైటులో పరంజా పలకల మీంచి కళ్ళు తిరిగి పడ్డాడు. ఒంట్లో నీళ్ళన్నీ ఇగిరిపోయి, కిడ్నీలు దెబ్బతినబోయి బతికాడు. ఇకమీదట ఎండలో పని చెయ్యకూడదని డాక్టరు చెబితేనే కంపెనీ అతన్ని లోపలి పనికి మార్చింది. విన్సెంట్‌కు ఇది తెలుసు. జడ్సన్ గుర్తు చేస్తే, పొద్దున పనే ఎక్కువట, చూసుకుంటార్లే అన్నాడు.

ఇంకో మాట అంటే చాలు. సార్, అతనికి తప్పుగా చెప్పింది నేను. జడ్సన్ ఆ మాటను నాలుక చివరిదాకా తెచ్చుకున్నాడు. దాని వెనకే మిగతావన్నీ వచ్చి నిలబడ్డాయి. సూపర్‌వైజరన్న పేరు మీదే నడుస్తున్న కుటుంబం వీసా, చిన్నప్పుడే వచ్చి ఇక్కడే చదువుకుంటున్న పెర్సిస్, జడ్సన్‌కు పని అప్పగిస్తే రెండోసారి చూడక్కర్లేదని సంఘంలో పదిమంది ముందు విన్సెంట్ అనే మాట. సరే సార్ అని బయటకు వచ్చాడు.

ఇంట్లో సుసన్నకు సగమే చెప్పాడు. గచ్చు తప్పుగా వేశాడు, అందుకని పంపించేస్తున్నారు అన్నాడు. ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"పోయినేడు మా క్లినిక్కుకు మోసుకొచ్చారు, ఆయనేగా? మీరు విన్సెంట్ అన్నయ్యగారికి ఒక మాట చెప్పండి. మీ మాట కాదనరు."

చెప్పి చూస్తానన్నాడు. ఆమె తనను మంచివాడనుకుని ఆ మాట అన్నందుకు ఆ పూట అన్నం సహించలేదు.

ఆ వారమంతా ఇద్దరూ కలిసి పాత గచ్చు పెకలించారు. మిగతా నగరం అదరకుండా చిన్న ఉలితో కొద్దికొద్దిగా లేపాలి. జడ్సన్ డ్రాయింగు పక్కన పెట్టుకుని, ఈసారి ఢాల్ అనే అన్నాడు. ఇటు నుంచి ఇటు ఢాల్ జియాభాయ్. ఇట్లనా అన్నా, అని అతను తాపీతో గాలిలో గీసి చూపించి మరీ మొదలుపెట్టాడు. సున్నం కలుపుతూ కామారెడ్డిలో కూతురు శిఫా టైలరింగు నేర్చుకుంటున్న సంగతి చెప్పాడు. షమాల్‌లో గాలి మంచిగుంటదట గదా అన్నాడు. ఒక్కసారి కూడా ఎందుకు పంపుతున్నారని అడగలేదు. అడిగితే చెప్పేద్దామని జడ్సన్ ప్రతి పూటా అనుకున్నాడు. అడగనివాడికి చెప్పకుండా ఉండటం ఎంత తేలికో ప్రతి పూటా తెలిసొచ్చింది.

శుక్రవారం చర్చిలో ఆరాధన అయ్యాక, ఆవరణలో టీలు తాగుతున్నప్పుడు, విన్సెంట్ నలుగురినీ చేర్చుకుని మాయానగరం కథ చెప్పాడు. మా జియా ఉన్నాడు చూశారూ, మాయావాళ్ళు చెరువులు కట్టుకుంటే వీడు ఊరినే చెరువు చేశాడు అన్నాడు. అంతా నవ్వారు. జడ్సన్ కూడా నవ్వాడు. నవ్విన తర్వాత మొహం మామూలుగా పెట్టుకోవడం చేతకాలేదు. కాగితపు కప్పు నలిపి, పెర్సిస్‌ను వెతుక్కునే నెపంతో పక్కకు పోయాడు.

శనివారం కొత్త గచ్చు మీద వాన కురిపించారు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, అన్నీ ఒకే దిక్కుకు జారాయి. సందులోంచి దిగి, ఇసుకలోంచి ఇంకి, రెండో తొట్టిలో తేటగా తేరాయి. నజియా ఈసారి చివరిదాకా వీడియో తీసుకుంది. పనితనం చాలా బాగుందనీ, చేసినతనికి తన తరఫున చెప్పమనీ అంది. మార్చిన మనిషి గురించి ఏమీ అడగలేదు. ఆవిడకు ఆ సంగతి గుర్తున్నట్టు కూడా లేదు.

ఆవిణ్ణి కారు దాకా సాగనంపి విన్సెంట్ తన గదిలోకి వెళ్ళాడు. జడ్సన్ వెనకే వెళ్ళి తలుపు మూశాడు.

"గచ్చు తప్పు జియాది కాదండీ. నాది," అన్నాడు. వాటం సంగతంతా చెప్పాడు. కొలిచి చూడని సంగతీ చెప్పాడు.

విన్సెంట్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"సోమవారం చెప్పాల్సింది కదయ్యా ఇది."

"మీరు అప్పుడు గచ్చు ఎవరు చేశారనే అడిగారు."

"అడిగినదానికే జవాబు చెప్పడానికి నువ్వేమైనా కోర్టులో ఉన్నావా?"

విన్సెంట్ నిట్టూర్చి, సరే, పోనీలే, జియా ఇక్కడే ఉంటాడు అన్నాడు. అంతలో ఫోను అందుకుంటూ, కానీ మనిషిని ఇస్తానని వాళ్ళకు మాటిచ్చేశాను, జహాంగీర్ వెళ్తాడు అన్నాడు.

"జహాంగీర్‌కు లేజర్ మిషన్ నేర్పిస్తానన్నారు కదండీ, ఈ నెల నుంచి."

"తర్వాత చూద్దాం. కుర్రతనం, గట్టిగా ఉన్నాడు, ఎండ వాణ్ణేం చేస్తుంది."

"నేను వెళ్తాను."

"నువ్వు గోడలు పూస్తావా? ఇంటికెళ్ళు. సుసన్నకు మాత్రం చెప్పకు, వచ్చే శుక్రవారం నీ కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించేస్తుంది."

ఆ మాటకు నవ్వి, జడ్సన్ బయటకు వచ్చాడు. ఉద్యోగం పోలేదు. విన్సెంట్ పెద్దగా కోప్పడలేదు. ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. వర్క్‌షాపు సగం దాటేసరికి, తన గుండె తేలికపడటానికి ఇంకొకణ్ణి ఎండలోకి నెట్టానని తట్టి, ఆ తేలికదనానికే అసహ్యం వేసింది.

జియావుద్దీన్ తాపీలు కడుగుతున్నాడు. జడ్సన్ దగ్గర కూర్చుని, జరిగినది జరిగినట్టు చెప్పాడు. నువ్వు వెళ్ళక్కర్లేదన్న దగ్గర అతని మొహం విచ్చుకుంది. జహాంగీర్ పేరు వచ్చేసరికి చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

"గట్లయితె ఏం ఫాయిదా అన్నా? ఒక్క రూముల పంటం. నేను వానికి ఏం మొకం జూపియ్యాలె?"

"నేను అడిగాను జియాభాయ్. ఆయన వినలేదు."

"మిషన్ నేర్చుకుంటనని వాడు ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నడు." జియావుద్దీన్ తాపీని గుడ్డతో తుడిచాడు. పొడిబారాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. "వానికి నేను చెప్ప. ఎందుకు పోతుండో మీరే చెప్పుండ్రి. మేనేజర్ రూముల కాదు. వాని ముంగట నిలవడి చెప్పుండ్రి."

ఆదివారం పొద్దున బండి వర్క్‌షాపు ముందే ఆగింది. జహాంగీర్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. అతనికి రాత్రి ఫోన్లో తెలిసింది, కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. కొన్ని రోజుల పనే అనుకుంటున్నాడు. జియాభాయ్ పాణం బాగలేదని నన్ను పంపుతున్నట్టుండ్రు గద సార్ అని తనే ఒక కారణం వెతుక్కున్నాడు. ఆఁ అంటే సరిపోయేది. అతను సంతోషంగానే వెళ్ళేవాడు కూడా. జియావుద్దీన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇటు చూడటం లేదు.

"జియాభాయ్‌కు బాగానే ఉంది," అన్నాడు జడ్సన్. "చౌకు తప్పు నాది. ఆయనకు నేను సరిగ్గా చెప్పలేదు. ఆయన్ను పంపుతుంటే వారమంతా నోరు మూసుకున్నాను. నిన్న చెప్పాను. అందుకని నిన్ను పంపుతున్నారు."

జహాంగీర్‌కు అందులోంచి ఒక్కో ముక్కా అందడానికి కొంచెంసేపు పట్టింది. సంచీ భుజం మార్చుకున్నాడు.

"మరి మిషన్?"

"తర్వాత చూద్దామన్నారు."

"తర్వాతంటె?"

"తెలీదు."

డ్రైవరు యల్లా, తొందరగా అని హారన్ కొట్టాడు. జహాంగీర్ గుమ్మం వైపు చూశాడు, మళ్ళీ జడ్సన్ వైపు చూశాడు. బండెక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ అద్దం దించాడు.

"బేస్తారం నాడు వస్త సార్," అన్నాడు. "గప్పటికి విన్సెంట్ సార్‌తోని మల్లొకసారి మాట్లాడుండ్రి. నా ముంగట కాకున్నా సరే."

బండి వీధి మలుపు తిరిగేదాకా జడ్సన్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత విన్సెంట్ కారు వచ్చిందేమోనని పార్కింగు వైపు చూశాడు. ఇంకా రాలేదు. లోపలికి పోకుండా, ఆ ఎండలోనే, అతని గదికి బయటినుంచి ఎక్కే మెట్ల దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.